జిల్లా విద్యాశాఖాధికారి గారికి ఒక తల్లి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారములు.

మూడుసార్లు ఇచ్చిన అర్జీలకు జవాబు రాకపోవడంతో ఈ లేఖను అందరి ఎదుట ఉంచుతున్నాను. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, సోషల్ మీడియాలో తన ఫొటో కింద తోటి పిల్లలు రాసిన ఎగతాళి మాటలను రాత్రిళ్లు దుప్పటి కప్పుకొని మళ్లీ మళ్లీ చదువుకుంటూ, పది రోజుల పాటు కంచంలో అన్నం సగంలోనే వదిలి లేచిపోయింది. ఫోన్ లాక్కున్నాను, దాంతో నాతో మాట్లాడటమూ మానేసింది. తప్పు నాదీ ఉంది.

కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ (నంబరు 14416) రోజంతా ఉచితంగా పనిచేస్తుంది. ఆ నంబరు మా బడి గోడ మీద ఎక్కడా లేదు.

జిల్లాలోని ప్రతి ఉన్నత పాఠశాలకు వారానికి ఒక రోజైనా శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను పంపేలా, ఆ నంబరును ప్రతి తరగతి గదిలో రాయించేలా ఈ నెలాఖరులోగా రాతపూర్వక ఉత్తర్వులు జారీ చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి