పోయిన జీవాల బుక్కు: మన కాపరుల సంఘం 2025-26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ కార్యదర్శి నమస్కారాలు.

నిరుడు నేను నివేదిక చదువుతుంటే సగం మంది మధ్యలోనే లేచి టీ తాగడానికి పోయారు. పైసల లెక్కతో మొదలుపెట్టడం నా పొరపాటు. ఈసారి జమాఖర్చుల కాగితం సంఘం భవనం గోడకు అంటించాం, వచ్చి చూసుకోండి. సభ్యత్వం బాకీ ఉన్నవాళ్ల పేర్లు కూడా దాని కిందే ఉన్నాయి, చదవడానికి అద్దాలు అక్కర్లేనంత పెద్ద అక్షరాల్లో. ఇక్కడ మాత్రం ఈ ఏడాది మనల్ని ఎక్కువ తిప్పలు పెట్టిన సంగతే చెప్తాను. అది తోడేలు సంగతి.

పోయిన ఎండాకాలం మీటింగులో ఒక మాట అనుకున్నాం, గుర్తుందా? జీవం, అంటే గొర్రె గానీ మేక గానీ, పోయిన ప్రతిసారీ "తోడేలు పట్టింది" అని కేకలేయకుండా, ఎక్కడ పోయింది, ఏ వేళ పోయింది, గాయం ఎక్కడుంది అని రాసిపెడదామని. అందుకోసం ఒక లాంగ్ నోట్‌బుక్కు కొన్నాం. మొదటి రెండు నెలలు ఎవరూ దాని ముఖం చూడలేదు. "గీ బుక్కుల రాస్తే పోయిన గొర్రె మళ్లొస్తదా?" అని ఒక కాక నన్నే నిలదీశాడు. చివరికి రాయడం మొదలుపెట్టింది ఆడవాళ్లు. మంద మేతకు పోతే పాలపిల్లలు ఇంటి దగ్గర వాళ్ల చేతుల్లోనే ఉంటాయి కదా, ఏ పిల్ల ఏ రోజు పోయిందో వాళ్లకు తెలిసినట్టు మగవాళ్లకు తెలియదు. కాలేజీ పిల్లలు ఫోన్లో ఫొటోలు తీసి జత చేశారు. వానాకాలం అయిపోయేసరికి బుక్కు సగం నిండింది.

ఆ బుక్కు తిరగేస్తే కుక్కలు పట్టిన జీవాల పేజీలే ఎక్కువ కనబడుతున్నాయి. తోడేలు పేజీలు లేవని కాదు, ఉన్నాయి, ఆ నష్టం చిన్నదని కూడా నేను అనను. కానీ మన అంచనా మాత్రం తలకిందులైంది.

ఒక్క పేజీ గురించి వివరంగా చెప్పాలి. వాన వెలిసిన ఒక తెల్లారగట్ల మన సభ్యుడొకాయన, నాకు వరసకు మామ, ఫోన్ చేసి రమ్మన్నాడు. దొడ్డిలో మూడు జీవాలు పడి ఉన్నాయి. ఇంకొకటి బతికే ఉంది గానీ వెనక తొడ చీరుకుపోయి లేవలేకపోతోంది. "ఇది తోడేలే బిడ్డా, నేను పుట్టినప్పటి సంది చూస్తున్న" అన్నాడు. చేతిలో విషపు గుళికల ప్యాకెట్ ఉంది, చచ్చిన గొర్రెకు చల్లి గుట్ట కింద పడేద్దామని. నేను కూర్చుని ఒక్కొక్క జీవాన్నీ తిప్పి చూశాను. గొంతు మీద గాటు లేదు. చెవులు తెగాయి, తోక దగ్గర పీకి ఉంది, పొదుగు కొరికి ఉంది, కడుపు చీల్చినా తిన్నది పిడికెడు కూడా లేదు. తోడేలు మామూలుగా ఇట్లా చేయదు. గొంతు పట్టి కిందపడేస్తుంది, దొరికినదాన్ని ఈడ్చుకుపోతుంది. అడుగులు చూద్దామంటే నేలంతా గొర్రెల డెక్కలే, పైగా తోడేలు అడుగుకూ పెద్ద కుక్క అడుగుకూ తేడా చెప్పడం ముసలివాళ్లకే కష్టం. అప్పుడు మామ చిన్న కొడుకు ముళ్లకంపలో ఇరుక్కున్న నీలం నైలాన్ తాడు ముక్క లాగి తీశాడు. కుక్క మెడకు కట్టే తాడు అది. ఎవరి కుక్కదో కూడా అక్కడున్న అందరికీ తెలుసు. మామ ఏం మాట్లాడలేదు. గుళికల ప్యాకెట్ తిరిగి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మూడు జీవాలనూ మనుషుల్ని పిలిచి లోతుగా పాతిపెట్టించాం.

ఆ ప్యాకెట్ ఆ రోజు విప్పి ఉంటే ఏమయ్యేదో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో పులి చనిపోయింది విషం చల్లిన పశువు కళేబరం తినే. విషం పెట్టినవాడు అనుకున్న జంతువుకే అది పోదు. నక్క తింటుంది, దుమ్ములగొండి తింటుంది, ఊరకుక్క తింటుంది, కాకులు తింటాయి, రేపు మన మంద కాసే కుక్క కూడా తింటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తోడేలు మొదటి షెడ్యూల్‌లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. మనలో ఒకరు ఈ ఏడాది విషం పెట్టే పని చేశారు, ఒక దుమ్ములగొండి వాగు ఒడ్డున చచ్చిపడి దొరికింది. ఆ సభ్యుడు కార్యవర్గం ముందు ఒప్పుకున్నాడు. పేరు రాయొద్దని సభ తీర్మానించింది కాబట్టి రాయడం లేదు. నా అభిప్రాయం అడిగితే, దుమ్ములగొండి మన దగ్గర జీతం లేకుండా పనిచేసే పాకీ మనిషి లాంటిది, దాన్ని చంపి మన మురికి మన మీదే పోసుకున్నాం.

కుక్కలు ఇన్ని ఎందుకు పెరిగాయో కూడా సభలో మాట్లాడుకున్నాం. ముసలివాళ్లు చెప్పేది వినాలి. వాళ్ల చిన్నప్పుడు ఊరవతల పశువు చచ్చిపడితే రాబందులు దిగి చూస్తుండగానే ఎముకలే మిగిల్చేవట. 1990ల నుంచి అవి వేగంగా మాయమయ్యాయి. కారణం మన సూదిమందే. పశువుకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ కళేబరంలో మిగిలి ఉంటే, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చనిపోతుంది. 2006లో కేంద్రం పశువులకు ఆ మందు నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్ కూడా నిషేధించారు. రాబందులు లేని చోట కళేబరాల మీద కుక్కలు పెరిగాయి, ఆ కుక్కలే ఇప్పుడు మన దొడ్లలోకి వస్తున్నాయి. మన ఉత్తర తెలంగాణలో రాబందులు గూళ్లు కట్టుకున్న చోటు ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూర్ దిక్కు పాలరాపు గుట్ట. అవి మేత కోసం చాలా దూరాలు తిరుగుతాయి. అక్కడి పక్షి మన దాకా ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను గానీ, వస్తే మన గొర్రె తిని చావకూడదు.

అందుకని తీర్మానం చేశాం: ఏ సభ్యుడైనా నొప్పి మందు కొంటే మెలాక్సికామ్ అడగాలి. పశువుల డాక్టరు కూడా అదే సురక్షితమని చెప్పారు. ఒక మందుల షాపులో మాత్రం "అదే పని చేస్తది తీసుకో" అని మనుషులకు వాడే డైక్లోఫెనాక్ సీసా చేతిలో పెట్టారు. మనవాడు తిరిగిచ్చి వచ్చాడు, శభాష్.

కుక్కల విషయంలో ఇంకో ముఖ్యమైన సంగతి. గొర్రె తల ఒక పక్కకు వంచి గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయే రోగం మన మందల్లో చాలామంది చూశారు. కొందరు గాలి సోకిందంటారు. అది కుక్క కడుపులోని బద్దెపురుగు వల్ల వచ్చేది. ఆ పురుగు గుడ్లు గడ్డి మీద పడి గొర్రె కడుపులోకి పోతే, మెదడులో నీటి తిత్తి కడుతుంది. మళ్లీ మనం ఆ గొర్రెను కోసి తలకాయ కుక్కకే వేస్తే చక్రం పూర్తవుతుంది. కాబట్టి తలకాయలు కుక్కలకు వేయకండి, పాతిపెట్టండి. మంద కుక్కలకు మూడు నెలలకోసారి నట్టల మందు తాపించండి. జూలై 6 జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే రోగాల దినం) నాడు పశువుల దవాఖానాల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. నిరుడు మన దగ్గరినుంచి తీసుకుపోయిన కుక్కలు తక్కువ, దానికి నేనూ ఒక కారణం, ముందురోజు చెప్పడం మర్చిపోయాను. మన కుక్కకు టీకా వేస్తే దాంతో కలిసే తోడేలుకూ రక్షణే, కాపరికీ రక్షణే.

చలికాలంలో ఒక గుట్ట బొరియలో తోడేలు పిల్లలు పెట్టింది. ఏ గుట్టో ఇందులో రాయను, మీకు తెలిసినా బయట చెప్పకండి. పాత పద్ధతి అందరికీ తెలుసు, బొరియ ముందు పొగపెట్టి రాళ్లతో మూసేయడం. ఈసారి మందలు ఆ పక్కకు కొన్ని వారాలు పోకూడదని నిర్ణయించాం. మేత నష్టం నిజమే. ఆ పక్క మేపుకునే ఇద్దరికి మిగతావాళ్లం తుమ్మకాయ, పల్లికట్టె సర్దాం. కుర్రవాళ్లు ఎదురుగట్టు మీదినుంచి చూసేవాళ్లు. ఒక పొద్దుటి పూట నన్నూ తీసుకుపోయారు. మసక మసకగా ఉండగా తల్లి వచ్చింది, నోట్లో ఏమీ లేదు. పిల్లలు నాలుగో అయిదో బయటికి దూకి దాని మూతి నాకాయి, అది తల వంచి కడుపులోది కక్కింది, అవి తోసుకుంటూ తిన్నాయి. నా జీవితమంతా తోడేలును పరుగెత్తే వీపుగానే చూశాను, ముందువైపు చూడడం అదే మొదటిసారి. ఆ తర్వాత రెండు నెలలకు అదే దిక్కున ఒక సభ్యుడి మేకపోతును తోడేలే పట్టుకుపోయింది. మరి ఆ బొరియను ఎందుకు వదిలేశామని ఆ సభ్యుడు అడిగితే నా దగ్గర జవాబు లేదు, బుక్కులో రాసుకుని వచ్చాను.

నష్టపరిహారం సంగతి చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. అడవి జంతువు జీవాన్ని చంపితే ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. కానీ కళేబరాన్ని జరపకూడదు, వెంటనే అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు చెప్పాలి, పశువుల డాక్టరు చూసి రాయాలి. మన వాళ్లు అప్పటికే తోలు ఒలిచి ఉంటారు. ఒక దరఖాస్తు సంబంధిత ఆఫీసులో నెలల తరబడి కూర్చుంది, ఒక సంతకం కోసం అయిదుసార్లు తిరిగాం. ఇంకొకటి నేనే ఆలస్యంగా ఇచ్చాను. ఇకనుంచి ఫొటో, స్థలం, సమయం కాపరే వాట్సాప్‌లో అదే గంటలో పెట్టాలి, మిగతా పరుగు సంఘం చూసుకుంటుంది.

కెన్యాలో మాసాయి కాపరులు సింహాల మధ్య పశువులు కాస్తారని కుర్రవాళ్లు మీటింగులో వీడియో వేశారు. అక్కడ రిచర్డ్ తురేరే అనే పిల్లవాడు చిన్నప్పుడే దొడ్డి చుట్టూ వెలిగి ఆరే లైట్లు పెట్టి సింహాలను దూరంగా ఉంచాడు. పైగా అక్కడ 2007 నుంచి సింహాన్ని వేటాడే యువకులకే దాన్ని కాపాడే కాపలా పని ఇస్తున్నారట. మనమూ ఉత్సాహంగా సోలార్ బల్బులు తెచ్చి మూడు దొడ్లకు కట్టాం. మొదటి వారాలు బాగానే ఉంది. తర్వాత మేకలు వైర్లు నమిలేశాయి. సింహాలున్న దేశంలో మేకలు ఇంత దొంగలు కాకపోవచ్చు. వచ్చే ఏడాది వైరు పైపులో వేసి మళ్లీ ప్రయత్నిద్దాం.

అక్టోబరు చివర మొంథా తుపాను వానకు నీళ్లు నిలిచి గిట్టలు పుండ్లుపడి చాలా మందలు అవస్థ పడ్డాయి. తోడేలు, కుక్కల ప్రస్తావన లేని పేజీలు బుక్కులో అవే. నల్ల ఉన్ని దక్కని గొర్రెలున్న ఇద్దరు ముగ్గురు తక్కువ నష్టపోయారని నాకు అనిపించింది. 2017 సబ్సిడీ పథకంలో 21 జీవాల యూనిట్ల కింద బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన పొడుగు కాళ్ల గొర్రెలు మాంసానికి మంచివే, అయితే గొంగడికి ఉన్ని ఎక్కడిది? ఐనవోలు మల్లన్న దగ్గరికి కొత్త గొంగడి కప్పుకుని పోవడం ఇప్పుడు పెళ్లికి సూటు కుట్టించుకోవడమంత ఖర్చైపోయింది.

పాత మోటబావిలో పడ్డ నక్కను మంచం దింపి తీశాం, అది మన యువకుల పని, అభినందనలు. గట్టు లేని బావులు ఎవరి పొలంలో ఉన్నా కంపైనా వేయించండి. అడవి పందుల కోసం కరెంటు తీగలు కట్టే రైతులతో సర్పంచ్ సమక్షంలో మాట్లాడాం. కొందరు ఒప్పుకున్నారు. రాత్రి మంద కట్టే పొలం పక్కన తీగ ఉందో లేదో టార్చి వేసి చూసుకోకుండా పడుకోవద్దు.

ఇక బంచెరాయి, అంటే ఊరి మేత భూమి. మన మంద, కుందేలు, కౌజు, తోడేలు అన్నీ బతికేది ఆ గడ్డి మీదే. సర్కారు కాగితాల్లో ఇలాంటి నేలను బంజరు అని రాస్తారు, పనికిరానిదని ఎవరో వచ్చి గుంతలు తవ్వి చెట్లు నాటుతారు. గ్రామసభలో మేత భూమిగానే ఉంచాలని అడిగాం. అడవి భూముల్లో మేపుకునే హక్కు, కాలాన్ని బట్టి తిరిగే కాపరుల హక్కు 2006 అటవీ హక్కుల చట్టంలో ఉన్నాయి. అయితే గిరిజనేతరులు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడి మీద ఆధారపడినట్టు చూపాలి. ఎవరి ఇంట్లోనైనా పాత పుల్లరి (మేత పన్ను) రశీదులు ఉంటే పారేయకండి, చెదలు పట్టినా సరే తీసుకురండి. ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చిక భూముల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. ఆ పేరు మీద ఎవరైనా పెద్దవాళ్లు ఊరికొస్తే ముందు ఈ రశీదులే చూపిద్దాం.

గోదావరి దిక్కు వలస పోయే మందలు బయలుదేరే ముందు బుక్కులో పేరు రాయించుకోండి. ఈసారి దారిలో రాయడానికి ఒక్కో మందకు చిన్న డైరీ ఇస్తున్నాం, పెన్ను మాత్రం మీరే తెచ్చుకోండి. కుక్కల నట్టల మందు వచ్చింది, భవనంలో ఉంది. ఒక్కో మందకు రెండు డోసులు, మిగిలితే రెండో విడత.