“అయితే ఏంటి” మాస్టారు మళ్లీ దొరికారు

ఒరేయ్ శీనూ,

తిట్టకు. నీ ఉత్తరం వచ్చి చాన్నాళ్లయింది. రాద్దామని కూర్చోవడం, ఈలోపు ఏదో పని తగలడం, ఇదే వరస. ఇంట్లో అందరూ బాగున్నారు. నాన్న ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నారు. అక్కావాళ్లు ఇల్లు మారారు. నా గురక సంగతి అడగొద్దు, అది మారలేదు. క్షేమసమాచారాలు ఇంతటితో సరి. ఇక అసలు సంగతికొస్తా. నీకు తప్ప ఇంకెవరికి చెప్పినా ఇది అర్థం కాదు.

బళ్లో మనం ఏం చెప్పినా “అయితే ఏంటి?” అని నిలదీసేవారే, మన “అయితే ఏంటి” మాస్టారు, ఆయన నా ఇంటర్వ్యూకి వచ్చార్రా!

ఆగు, మొదట్నించీ చెప్తా.

మళ్లీ ఉద్యోగాల వేటలో పడ్డానని తెలుసుగా. ఏఐ సాయం తీసుకుంటున్నానంటే నువ్వేమన్నావ్? “అందరి రెజ్యూమెలూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, పో” అన్నావ్. నీ మాట సగం నిజమే. “నాకో మంచి రెజ్యూమె రాసిపెట్టు” అని అడిగితే చాట్‌జీపీటీ ఏం రాసిచ్చిందో తెలుసా? “ఫలితాలే పరమావధిగా శ్రమించే చైతన్యశీలి అయిన నిపుణుడు” అంట! తెల్లారి తొమ్మిదైనా దుప్పటి తీయనివాణ్ణి, నువ్వే సాక్షివి. దాని కింద ఇంకో లైను, “స్టాకు నష్టాన్ని 35 శాతం తగ్గించారు” అని. ఆ 35 నేను చెప్పింది కాదు. అది కావాలని ఆడే అబద్ధం కూడా కాదురా. ముందున్న మాటల్ని బట్టి తర్వాత ఏది అతుకుతుందో చూసుకుంటూ రాసుకుపోవడమే దాని పని. రెజ్యూమెల్లో ఆ చోట ఓ శాతం ఉండటం మామూలు కాబట్టి ఓ శాతం తెచ్చి పెట్టేసింది. దాన్ని అలాగే పంపితే ఇంటర్వ్యూలో “ఎలా లెక్కగట్టారు?” అని ఒక్క మాట అడిగితే చాలు, నీళ్లు నమలడమే.

అప్పట్నించి ప్రతిసారీ ముందు ఈ షరతు పెడుతున్నా, నువ్వూ రాసిపెట్టుకో: “నేనిచ్చిన వివరాల్లో లేనిది ఒక్కటి కూడా చేర్చకు. అంకె అవసరమైన చోట ఖాళీ వదిలి, ఏం కావాలో నన్నడుగు.” దీంతో కథ మొత్తం తిరగబడింది. రాయడం తగ్గించి నన్ను అడగడం మొదలుపెట్టింది. అది అడుగుతుంటే నేనెప్పుడో చేసి మర్చిపోయిన పనులన్నీ బయటికొచ్చాయి. ఉద్యోగ ప్రకటన మొత్తం అతికించి, “వీళ్లడిగిన వాటిలో నాకు పూర్తిగా ఉన్నవేవి, సగంసగం ఉన్నవేవి, అసలు లేనివేవి?” అని కూడా అడిగేవాణ్ణి. లేనివే ఎక్కువుంటే ఆ ఉద్యోగానికి దణ్ణం పెట్టేయడమే. ఊరికే వందచోట్ల పంపడం కంటే నయం కదా.

అన్నట్టు, రెజ్యూమెలో తెల్ల అక్షరాలతో కనపడకుండా కీలకపదాలు కుక్కే చిట్కా గురించి రాశావే, అది చెయ్యకు. రెజ్యూమెలు వడబోసే సాఫ్ట్‌వేర్ ఫైల్లోంచి అక్షరాలను లాగి మామూలు పాఠంగా మార్చుకుంటుంది. రంగులు పోతాయి, నువ్వు దాచిందంతా చదివేవాళ్ల ముందు కుప్పగా పడుతుంది. దానికి బదులు, చేసిన పనికి ప్రకటనలో వాళ్లు వాడిన పేరే వాడు, చాలు. అయినా మిషన్లు మనుషుల్ని ఏరేయడం మీద నీ కోపం ఊరికే రాలేదులే. అమెజాన్ వాళ్లే అలాంటిదొకటి తయారుచేసుకుని, అది ఆడవాళ్ల రెజ్యూమెలకు తక్కువ మార్కులేస్తోందని తెలిసి పక్కన పడేశారు. 2018లో బయటికొచ్చిందది. అది వేరే గొడవ, కలిసినప్పుడు తీరిగ్గా తిట్టుకుందాం.

ఇంటర్వ్యూ ప్రాక్టీసు దగ్గరకొద్దాం.

“నన్ను ఇంటర్వ్యూ చెయ్యి” అన్నా. పది ప్రశ్నలు ఒకేసారి గుమ్మరించింది. ఒకదానికి జవాబు చెప్తే “అద్భుతం! చాలా చక్కగా చెప్పారు!” అంది. అనుమానమొచ్చి, “ఒత్తిడిని ఎలా తట్టుకుంటారు?” అన్న ప్రశ్నకి “పడుకుంటా” అని రాశా. “విశ్రాంతి విలువ గుర్తించడం మీ పరిణతికి నిదర్శనం” అంది! నా గురకని ఇంతగా గౌరవించినవాళ్లు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు. ముఖస్తుతి వీటికి పుట్టుకతో వచ్చిన రోగంలే. 2025 ఏప్రిల్లో చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ వాళ్లే, దాన్ని నడిపే జీపీటీ-4ఓ అనే మోడల్‌కి చేసిన మార్పు వల్ల అది మరీ తందాన పాడుతోందని ఆ మార్పు వెనక్కి తీసుకున్నారు.

అప్పుడొచ్చార్రా మాస్టారు నా బుర్రలోకి. కళ్లజోడు ముక్కు చివరికి జారి, సుద్దముక్క వేళ్ల మధ్య తిప్పుతూ. వెంటనే రాశా: “నువ్వు చాలా కఠినమైన ఉపాధ్యాయుడివి. ఇప్పుడు ఈ ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూ చేస్తున్నావు. ఒక్కసారి ఒక్క ప్రశ్నే అడుగు, నా జవాబు వచ్చేదాకా ఆగు. మెచ్చుకోకు. నేను గాల్లో మాట్లాడితే అక్కడే పట్టుకో. నేను చేసిన పని చెప్పి ఊరుకుంటే, దానివల్ల ఎవరికి ఏం ఒరిగిందో తేలేదాకా ‘అయితే ఏంటి?’ అని అడుగుతూనే ఉండు. చివర్లో మాత్రమే నా లోపాలు చెప్పు.”

ఒరేయ్, మాస్టారు దిగిపోయారు!

నా స్టాకు లెక్కల కథ నీకు తెలుసుగా. మూడు విభాగాలవాళ్లు మూడు ఎక్సెల్ షీట్లు పంపుతుంటే అన్నీ ఒక్కచోటికి తెచ్చానే, అది. చెప్పా. “అయితే ఏంటి?” అంది. లెక్కలు త్వరగా తేలేవన్నా. “అయితే ఏంటి?” ఏ సరుకు అయిపోతోందో నెలాఖరుకి కాకుండా అదే రోజు తెలిసేదన్నా. “అయితే ఏంటి?” ఒళ్లు మండి, “అయితే హడావుడిగా ఎక్కువ ధర పెట్టి కొనే బాధ తప్పింది!” అన్నా. కాసేపు నేనే నోరెళ్లబెట్టి ఆ వాక్యం వైపు చూస్తూ కూర్చున్నా. నేను చేసిన పని ఏంటో నాకే అప్పటిదాకా సరిగ్గా తెలీదురా. నాలో ఇంకో లోపం కూడా పట్టుకుంది. ప్రతిదీ “మేము చేశాం, మేము చూశాం” అంటున్నానట. “అందులో మీరు చేసిందేంటి?” అని నిలదీసింది. స్టార్ పద్ధతి అంటారే, సందర్భం, బాధ్యత, చర్య, ఫలితం వరసగా చెప్పమని, అందులో నేను సందర్భం దగ్గరే డేరా వేసుకుని ఉండిపోతున్నానని కూడా తేల్చింది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. టైపు చెయ్యకు, మాటల్లో చెప్పు. రాసేటప్పుడు దిద్దుకుంటాం. నోటితో చెప్తేనే ఎక్కడ తడబడుతున్నామో బయటపడుతుంది.

తర్వాత ఒకరోజు ఆ ప్రశ్న రానే వచ్చింది. “ఉద్యోగాల మధ్యలో ఈ ఖాళీ ఎందుకొచ్చింది?” అని.

నీకు తెలుసు కదా. నాన్న మంచాన పడ్డ రోజులు. రాత్రులు నువ్వు ఫోన్లో ఏమీ మాట్లాడకుండా లైన్లో ఉండేవాడివి, నాకు... సరే వదిలెయ్. ఆసుపత్రి, ఫిజియోథెరపీ, చూసుకోవడానికి ఇంకెవరికీ వీలు కాకపోవడం, అన్నీ చెప్పుకుంటూ పోయా. అది అంతా విని, “మీరు జవాబు చెప్పడం లేదు, సంజాయిషీ ఇస్తున్నారు. ఇక్కడ మీ మీద ఎవరూ నేరం మోపలేదు” అంది. అది ఓ మిషను, మాటలు అతికించుకుంటూ పోతుందని ఇందాకే నీకు పాఠం చెప్పా. అయినా ఆ పూట ఇంకేం చెయ్యబుద్ధి కాలేదు. మర్నాడు కూర్చుని మూడు వాక్యాల్లోకి కుదించా: నాన్నని చూసుకోవడానికి ఆగాను, ఇప్పుడాయన కోలుకున్నారు, నేను పూర్తిగా పనికి సిద్ధం. అంతే. మూడోదాని తర్వాత నోరు మూసుకోవడమే కష్టంగా ఉండేది. దానికే ఎక్కువ ప్రాక్టీసు పట్టింది.

ఇక అసలు రోజు. ముగ్గురు కూర్చున్నారు. ఖాళీ గురించి అడిగారు, మూడు వాక్యాలు చెప్పి ఆగా, తలూపి ముందుకెళ్లిపోయారు. ఇంతేనా అనిపించింది! స్టాకు కథ మొదలుపెట్టా. చివర కూర్చున్నాయన అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. షీట్లు కలిపానని చెప్పగానే కళ్లజోడు కిందికి జార్చి, “సరే, కలిపారు. అయితే ఏంటి?” అన్నాడు.

ఒట్టు. అదే మాట. అదే సాగదీత. “హోంవర్కు ఇంట్లో మర్చిపోయా సార్” అని నాలిక చివరిదాకా వచ్చింది. నవ్వాపుకోవడానికి దగ్గినట్టు నటించి, గుక్క తిప్పుకోకుండా చెప్పేశా. హడావుడి కొనుగోళ్ల దాకా వెళ్లాక ఆయన రాసుకోవడం మొదలుపెట్టాడు.

కానీ తర్వాత ఆయన ఇంకోటడిగాడు చూడూ, అది మన మిషను మాస్టారికి ఎప్పుడూ తట్టలేదు. “మీరు సెలవు పెడితే ఆ షీటు ఎవరు నడిపేవారు?” ఒక్క క్షణం ఖాళీ. మొదట్లో ఎవరూ లేరనీ, తర్వాత ఎలా నడపాలో ఓ పేజీ రాసిపెట్టి ఇంకొకరికి నేర్పాననీ ఉన్నదున్నట్టు చెప్పా. వాళ్ల దగ్గర ఎవరో ఇలాంటి షీటే కట్టి, దాని గుట్టు తనతోపాటు పట్టుకుని వెళ్లిపోయుంటారని నా అనుమానం. కాలినవాళ్లు అడిగే ప్రశ్న అది. ప్రకటనలో అది ఉండదు, కాబట్టి ప్రకటన చదివిన ఏఐకీ తెలీదు. నా లెక్క ప్రకారం రెండో రౌండు మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది. అవున్రా, రెండో రౌండుకి పిలిచారు! ఆ మాట పైనే రాయాల్సింది, మాస్టారి హడావుడిలో...

నీ రెజ్యూమె పంపు, మాస్టారి చేత ఒక పట్టు పట్టిస్తా. ఫోను నంబరూ చిరునామా తీసేసి పంపు, అలాంటివి ఈ మిషన్లలో పెట్టడం నాకిష్టం లేదు. ఇంకోటి, ఇంటర్వ్యూ జరుగుతుండగా పక్క తెరమీద ఏఐ జవాబులు పెట్టుకుని చదువుతానన్నావే, దాని గురించి నిన్ను వివరంగా తిట్టాలి, కళ్లు అటూ ఇటూ తిరగడం అవతలివాళ్లకి ఇట్టే

అమ్మ పిలుస్తోంది, నాన్నకి మందులిచ్చే వేళయింది. మిగతా తిట్లు తర్వాత.

నీ
గురకరాయుడు