విద్యార్థుల పేజీలో సున్నాను కొట్టేశారు

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన వారం మీ విద్యార్థుల పేజీలో పదో తరగతి పిల్లల కోసం వేసిన వర్గ సమీకరణాల చిట్కాలు చూసిన దగ్గర్నుంచి నాకు మనసు ఊరుకోవడం లేదు. మర్నాడు సవరణ వేస్తారనుకున్నాను. వేయలేదు. ఆదివారం సంచికంతా వెతికాను, అందులోనూ లేదు. మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, ఆ పేజీ మేటర్ బయటి నుంచి వస్తుందని చెప్పి పెట్టేశారు. ఎక్కడి నుంచి వచ్చినా అచ్చయింది మీ పత్రికలోనే కదా.

మూడో లెక్క ఎక్స్² = 7ఎక్స్. రెండు వైపులా ఎక్స్‌ను కొట్టేస్తే జవాబు 7 అన్నారు, పైగా 'ఒక్క స్టెప్‌లో' అని ఎర్రక్షరాలు. మరి సున్నా ఏమైంది? సున్నా వర్గం సున్నా, ఏడు సున్నాలు సున్నా. అదీ మూలమే, అంటే సమీకరణానికి సరిపోయే జవాబే. ఎక్స్ సున్నా కావచ్చు కాబట్టి, విలువ తెలియకుండా దాంతో భాగించడానికి వీల్లేదు. ఎక్స్(ఎక్స్ − 7) = 0 అని రాసుకుంటే 0, 7 రెండూ కళ్లెదుటే ఉంటాయి. ఇంకో లైను పడుతుంది, అంతే.

సున్నాయే కదా, పోతే పోనీ అనేవాళ్లూ ఉంటారు. ఆర్కే బీచ్‌లో ఇసుక మట్టం నుంచి బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా విసిరారనుకోండి. టీ సెకన్ల తర్వాత దాని ఎత్తు సుమారు 20టీ − 5టీ² మీటర్లు. అది నేల మట్టంలో ఎప్పుడెప్పుడు ఉంది? 5టీ(4 − టీ) = 0. అంటే బయల్దేరినప్పుడు ఒకసారి, నాలుగు సెకన్లకు ఒకసారి. టీని కొట్టేస్తే బంతి బయల్దేరిన క్షణమే లెక్కలోంచి పోతుంది.

ఆరో లెక్క మరీ ఘోరం. (ఎక్స్ − 3)(ఎక్స్ + 2) = 6 ఇచ్చి, ఒక్కో బ్రాకెట్‌నూ 6కు సమానం చేసి 9, 4 అని జవాబులు వేశారు. మా ఇంటికి ట్యూషన్‌కు వచ్చే ఒకమ్మాయి ఆ ముక్క కత్తిరించి నోట్‌బుక్ అట్ట లోపల అంటించుకుంది. తప్పమ్మా అంటే 'పేపర్లో వేశారు కదా మేడమ్' అంది. సరే, ఎక్స్ దగ్గర 9 పెట్టి చూడమన్నాను. ఆరు పదకొండ్లు అరవై ఆరు. తర్వాత 4 పెట్టింది. ఒకటి ఇంటూ ఆరు, సరిగ్గా ఆరే వచ్చింది. 'ఒకటి కరెక్టే కదా మేడమ్' అని నా మొహం చూసింది. నన్ను భయపెట్టింది ఇదే. జవాబులు రెండూ తప్పయితే పిల్లలు పద్ధతిని అనుమానిస్తారు. ఒకటి పొరపాటున కలిసిందంటే ఆ పద్ధతి బుర్రలో పాతుకుపోతుంది.

లబ్ధం 6 కావాలంటే 1, 6 కావచ్చు, 2, 3 కావచ్చు, మైనస్ 6, మైనస్ 1 కావచ్చు, అరా పన్నెండూ కావచ్చు. సున్నా కావాలంటే మాత్రం రెండింట్లో కనీసం ఒకటి సున్నా కాక తప్పదు. కారణాంక పద్ధతికి ఆధారమంతా ఈ ఒక్క మాటే. అందుకే ముందు కుడివైపు సున్నా చేసుకోవాలి. ఎక్స్² − ఎక్స్ − 12 = 0, అంటే (ఎక్స్ − 4)(ఎక్స్ + 3) = 0. మూలాలు 4, మైనస్ 3. అన్నీ ఒకవైపుకు తెచ్చి కారణాంకాలుగా రాసే ఈ పద్ధతి ఇంగ్లండుకు చెందిన థామస్ హారియట్ పుస్తకంలో ఉంది. ఆయన చనిపోయాక 1631లో అచ్చయిందది.

మిమ్మల్నొక్కరినే అనడం న్యాయం కాదు. ఊరంతా ఇదే వరస. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా ఎటు చూసినా ర్యాంకుల ఫ్లెక్సీలే. మధ్యపదాన్ని విడగొట్టడం టైమ్ వేస్టని, వర్గ సమీకరణ మూలాల సూత్రం బట్టీ పట్టించేస్తున్నారు. 6ఎక్స్² + ఎక్స్ − 15 ఇస్తే, మైనస్ 90 లబ్ధం, 1 మొత్తం వచ్చే రెండు సంఖ్యలు వెతకడానికి పిల్లలకు ఓపిక లేదు. 10, మైనస్ 9 తట్టగానే (2ఎక్స్ − 3)(3ఎక్స్ + 5) దానంతటదే విడిపోతుంది. ఆ తట్టడమే అసలు చదువు. సూత్రం మంచిదే, కారణాంకాలు కుదరనిచోట కావాల్సిందే. కానీ ఎక్స్³ − 6ఎక్స్² + 11ఎక్స్ − 6 = 0 ఇచ్చారనుకోండి, ఆ బట్టీ పట్టిన సూత్రం ఏం చేస్తుంది? గుణకాలు కూడితే సున్నా, కాబట్టి ఎక్స్ − 1 ఒక కారణాంకం, దాంతో భాగిస్తే మిగిలేది ఎక్స్² − 5ఎక్స్ + 6, మూలాలు 1, 2, 3. అయిదో ఘాతం దగ్గరికొస్తే, అన్నిటికీ పనికొచ్చే అలాంటి మూలాల సూత్రం అసలు కుదరదని నార్వే గణితవేత్త ఆబెల్ 1824లోనే నిరూపించాడు. ఇవి తెలియకుండా ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటున్న పిల్లలను చూస్తే బాధేస్తుంది.

విద్యాశాఖ అధికారులు తనిఖీకి వస్తే అడిగేది ఉత్తీర్ణత శాతం. బోర్డు మీద ఒక్క లెక్క చేయించి, ఈ స్టెప్ ఎందుకు వేశావని పిల్లాణ్ని అడగరు. పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలోనే గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పాడు. అలాంటి భాషలో ఇవాళ రెండు లెక్కలు తప్పు లేకుండా వేయలేకపోతున్నాం. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న ఊరిది. అచ్చుకు పోయే ముందు ఒక కాలమ్ చూసిపెట్టే లెక్కల మనిషి మీకు ఈ ఊళ్లో దొరకరా? అడిగితే డబ్బు తీసుకోకుండా చూసిపెట్టేవాళ్లు ఎంతమందో ఉన్నారు.

నాయకుడి పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే మర్నాడే 'సవరణ' వేస్తారు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని మీ పేజీ చూసి నోట్సు రాసుకునే పిల్లలకు ఆ మర్యాద దక్కదా? ప్రీ ఫైనల్స్ దగ్గర పడుతున్నాయి. ఈ రెండు లెక్కల సరైన సాధనలు స్టెప్పులతో సహా రాసి ఈ లేఖకు జతచేశాను. ఎక్కడో మూల చిన్న అక్షరాల్లో కాకుండా, తప్పు వేసిన ఆ పేజీలోనే, అంతే పెద్దగా వేయండి.

ఇట్లు,
పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పే ఒక గృహిణి,
పాత గాజువాక, విశాఖపట్నం