పోస్టులోనే ఓటు వేయాలంటే ఖర్చు ఎవరిది?

సంపాదకుడు గారికి,

మన దేశంలోని కొత్త లేబర్ కోడ్‌లు (కార్మిక చట్టాలు), కార్మిక సంఘాల గుర్తింపు, అంటే యాజమాన్యంతో బేరమాడే హక్కు ఏ సంఘానిదన్న దాని మీద మీ పత్రికలో నడుస్తున్న చర్చ చదువుతున్నాను. మాది గోదావరిఖని. ఇంగ్లండ్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ఇక్కడ జరిగింది ఒకటి మనవాళ్లకు చెప్పాలి.

బ్రిటన్‌లో 1980లో థాచర్ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. సంఘం పోస్టు ద్వారా రహస్య ఓటింగ్ పెడితే ప్రింటింగ్, స్టేషనరీ, పోస్టేజీ ఖర్చులు ప్రభుత్వం తిరిగి ఇచ్చేది. ఓటు రహస్యంగా పడిందని, లెక్కింపు సవ్యంగా జరిగిందని సర్టిఫికేషన్ ఆఫీసర్‌కు (కార్మిక సంఘాల వ్యవహారాలు చూసే అధికారికి) నమ్మకం కుదరాలి. సర్కారు సొమ్ము తీసుకుంటే సర్కారు మాట వినాల్సి వస్తుందని చాలా సంఘాలు మొదట్లో దూరంగా ఉన్నాయి. ఆ భయం న్యాయమైనదే. తర్వాత అవీ తీసుకున్నాయి.

1993 చట్టం సమ్మె ఓటు పూర్తిగా పోస్టులోనే ఉండాలంది. సాయం మాత్రం 1996కల్లా ఆగిపోయింది. పోస్టులోనే వేయమని బలవంతపెడుతూ ఆ ఖర్చు సభ్యుల చందా మీదకు నెట్టడం అన్యాయం. 2016లో ఇంకో మెలిక పెట్టారు: సగం మంది ఓటేయకపోతే సమ్మె ఓటు చెల్లదు.

2023 జూన్‌లో ఇంగ్లండ్ నర్సుల ఓటింగ్‌లో వేసినవాళ్లలో 84 శాతం సమ్మెకు ఔనన్నారు. కానీ ఓటేసింది 43 శాతమే, చెల్లలేదు. నేను అప్పుడే ఇల్లు మారాను. బ్యాలెట్ కవరు పాత ఇంటికి వెళ్లి, నా చేతికి వచ్చేసరికి గడువు దాటింది. చాలా రోజులు ఆ బాధ పోలేదు. ఇలాంటివాళ్లకు మళ్లీ కవర్లు పంపాలన్నా, గుర్తుచేస్తూ ఉత్తరాలు రాయాలన్నా సంఘానికి డబ్బే కావాలి కదా!

అదే ఏడాది డిసెంబర్ 27న సింగరేణిలో గుర్తింపు ఎన్నికలు జరిగాయి. మా తమ్ముడు డ్యూటీ దిగి గని దగ్గరే ఓటేసి వచ్చాడు. పోలింగ్ 90 శాతం దాటింది.

కొత్త కోడ్ ప్రకారం ఒకటికి మించి సంఘాలుంటే, మస్టర్ రోల్‌ (కార్మికుల హాజరు పట్టీ)లో ఉన్నవాళ్లలో కనీసం 51 శాతం మద్దతున్న సంఘం ఒక్కదానిదే బేరసారాల హక్కు; ఏ సంఘానికీ అంత మద్దతు లేకపోతే సంఘాల ఉమ్మడి మండలిది. ఆ మద్దతు తేల్చడానికి రహస్య ఓటింగ్ పెడితే అది పనిచోటే జరగాలి. ఖర్చు ఎవరు భరించాలో రూల్స్‌లోనే రాయాలి. చిన్న సంఘాల మీద వేయకూడదు. మన కార్మిక శాఖలు ఈ మాట ఇప్పుడే తేల్చాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, ఇంగ్లండ్