రేపు ఒడ్డు మీద షికారు

అందరికీ నమస్కారం. రేపు పడవకి లంగరేసి ఊరు చూడ్డానికి దిగుతున్నాం.

చిన్న బోటు మొదటి ట్రిప్ ఉదయం 8కి. ట్రిప్‌కి నలుగురే. లైఫ్ జాకెట్ లేకపోతే ఎక్కించను, "ఐదు నిమిషాలేగా" అనొద్దు. దిగేటప్పుడు మోకాళ్ల దాకా తడుస్తాం; బూట్లు చేత్తో పట్టుకోండి, ఫోన్ వాటర్‌ప్రూఫ్ కవర్లో పెట్టుకోండి.

నేల మీద కాలు పెట్టగానే ఊగుతున్నట్టు ఉంటే కంగారు పడకండి, మామూలే. ఎండ ముదరకముందే కోట ఎక్కేద్దాం. బజారు తర్వాత.

తిరుగు బోటు సరిగ్గా 4కి. ఆలస్యమైతే ఆటుకి నీళ్లు వెనక్కి పోయి, బురదలో బోటుని మనమే లాగాలి. పోయినసారి నా చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయింది!

లంగరు జారితే చూసుకోడానికి పడవలో ఇద్దరు ఉండాలి. రేడియో ఛానల్ 16 (ఆపదలో పిలిచే ఛానల్) మీదే ఉంచాలి. ఎవరుంటారో ఈ రాత్రిలోగా ఇక్కడ చెప్పండి.