నర్తకుల పక్కన వాద్యకారుల పేర్లూ వేయండి

సంపాదకులకు,

అమెరికా నల్లజాతి విమోచన కళ గురించి మన పత్రికలు రాసినప్పుడల్లా పాటల సాహిత్యం దగ్గరే ఆగిపోతున్నాయి. వాద్యకారుడూ నర్తకుడూ కలిసి చేసే పని ప్రస్తావనకు రావడం అరుదు. డ్రమ్మర్ మాక్స్ రోచ్, గీతరచయిత ఆస్కార్ బ్రౌన్ జూనియర్ కలిసి, 1863 నాటి బానిస విమోచన ప్రకటన శతాబ్దిని దృష్టిలో పెట్టుకొని మొదలుపెట్టిన ‘ఫ్రీడమ్ నౌ సూట్’ అనే పాటల మాలిక 1960లో రికార్డయింది. అందులో తొలి పాట ఐదు మాత్రల నడకలో, అంటే మన ఖండగతికి దగ్గరి లెక్కలో సాగుతుంది. ఆవర్తనం మొదట్లో కొరడా దెబ్బలాంటి చరుపు పడుతుంది. మరో భాగంలో గాయని అబీ లింకన్ మాటలేమీ లేకుండా, డ్రమ్ముల తోడుతోనే, ప్రార్థన నుంచి గావుకేకల్లోకీ, అక్కడి నుంచి అలసిన ఊపిరిలోకీ వెళ్తారు.

ఈ రచన ప్రేరణతో పియానిస్టు రాబర్ట్ గ్లాస్పర్ సంగీతం సమకూర్చగా, నృత్యకర్త కైల్ అబ్రహం 2014లో న్యూయార్క్‌లో ‘ది గెట్టిన్’ అనే నృత్యాన్ని ప్రత్యక్ష వాద్యంతో ప్రదర్శించారు. డప్పు దరువుకు గజ్జె కట్టిన జననాట్యమండలిని చూసినవారికి ఇందులోని కిటుకు వివరించనక్కర్లేదు. రికార్డు చేసిన పాటకు నర్తకుడే లొంగాలి. ఎదురుగా మనిషి వాయిస్తే ఇద్దరూ ఒకరినొకరు కనిపెట్టుకుంటారు. మొన్న మా ఊళ్లో ఒక నాట్య ప్రదర్శనలో పెన్‌డ్రైవ్ మొరాయించి, పిల్లలు ఎత్తిన కాలు దించకుండా నిలబడిపోయారు, పాపం.

ఇలాంటి ప్రదర్శనల మీద వ్యాసాలు వేసేటప్పుడు నర్తకుల పేర్లతోపాటు వాద్యకారుల పేర్లూ అచ్చువేయవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, వరంగల్