కొత్త తెరచాప కొనే ముందు

అందరికీ నమస్కారం. మన లేజర్ పడవ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) తెరచాప ఇక పనికిరాదండీ. నిన్న పున్నమి ఘాట్ దగ్గర విప్పి చూశాను. గుడ్డ పాత చీరలా మెత్తబడిపోయింది, వెనక అంచున కుట్టుదారం వేలితో లాగితేనే పుటుక్కున తెగింది. డేక్రాన్ (తెరచాప నేసే పాలిస్టర్ గుడ్డ) గట్టిదే, కానీ మన ఎండలకు ముందు దారమే పోతుంది. మళ్లీ కుట్టించడం డబ్బు దండగ.

సైజు దగ్గర మాత్రం పొరపాటు వద్దు. లేజర్ తెరచాపల్లో స్టాండర్డ్ రకం 7.06 చదరపు మీటర్లు, చిన్నదైన రేడియల్ రకం 5.76. రెండింటికీ మాస్ట్ (తెరచాప స్తంభం) కింది ముక్క పొడవు వేరు. మనకున్నది రేడియల్ ముక్కే, పెద్దది తెస్తే దానికి సరిపోదు. పిల్లలు పోటీలకు వెళ్తారు కాబట్టి క్లాస్ (లేజర్ పోటీల సంఘం) గుర్తింపు ఉన్నదే తీసుకుందాం, ఖరీదెక్కువైనా సరే.

కొత్తది వచ్చాక దయచేసి మడత పెట్టకండి, చుట్టి నీడలో పెట్టండి. ఎవరెంత డబ్బు వేసుకోగలరో ఆదివారంలోగా చెప్పండి.